ఉగాది దాకా ఉండే రంగు

నా మనవరాలికి ఆ హోలీ గుర్తు లేదు. అడిగితే, "తాత పొయ్యి దగ్గర ఏదో పుల్లటి వాసన వస్తాండె కదవ్వా, అదొక్కటే గుర్తుండాది" అంటుంది. తాత ముఖం దానికి పటంలో చూసిన ముఖమే. అప్పటికి దానికి ఐదేళ్లు నిండలేదు. దాని తప్పేం లేదు. కానీ ఆ పండగకూ ఉగాదికీ మధ్య ఆ పిల్ల దేన్ని కాపాడుకోవాలని చూసిందో నాకు తెలుసు. నేను మూడో తరగతి వరకే చదివాను. కూడబలుక్కుని రాస్తాను. అయినా రాసి పెట్టాలనిపించింది.

మాది ధర్మవరంలో నేతగాళ్ల వీధి. మా ఇంటాయన మగ్గం మీద కూర్చునేవాడు కాదు. పట్టుకు రంగు అద్దేవాడు. పెరట్లో రేకుల కప్పు కింద పెద్ద రాగి గంగాళం, దాని కింద కట్టెల పొయ్యి. షావుకార్లు తెల్ల పట్టు కట్టలు పంపితే, మరిగే రంగునీళ్లలో వాటిని రెండు కర్రలకు తగిలించి తిప్పుతూ ఉండేవాడు. తిప్పడం అయ్యాక చేత్తో పిండి ఆరేసేవాడు. అందుకని ఆయన చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. చిలకపచ్చ చేతులతో అన్నం తినేవాడు, వంకాయరంగు చేతులతో పెళ్లిళ్లకు వచ్చేవాడు. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటయిపోయింది.

పట్టు రంగుకు ఒక గుణం ఉంది. పట్టును పట్టుకుంటే వదలదు. మనిషి చర్మాన్ని కూడా అట్లాగే పట్టుకుంటుంది. నూలు గుడ్డ మీద పడితే మాత్రం రెండు ఉతుకులకు పోతుంది. ఎందుకట్లా అని కొత్తలో అడిగాను.

"పట్టు పురుగు నుంచి వచ్చింది కదమ్మే. పాణమున్న దాన్నే పట్టుకుంటాది అది. పత్తికేముండాది?" అన్నాడు.

నేను పుట్టింది ఉరవకొండ పక్క పల్లెలో. మా చిన్నప్పుడు కాముని పున్నమికి ఇన్ని రంగులు లేవు. పసుపు నీళ్లలో ఇంత సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది, దాన్ని వసంతం అనేవాళ్లం. బావలూ మరదళ్లూ చల్లుకుని, ఆ మధ్యాహ్నమే బావి దగ్గర కడుక్కుంటే సరి. ధర్మవరం కోడలిగా వచ్చిన మొదటి ఏడు, పండగ మర్నాడు వీధిలోకి తొంగి చూసి భయపడ్డాను. ఒక ముసలాయన చెవులు నీలంగా ఉన్నాయి. ఇద్దరు పిల్లల బోడిగుండ్లు నారింజరంగులో మెరుస్తున్నాయి. గంగాళాల్లో అడుగున మిగిలిన పట్టు రంగుతోనే ఈ వీధిలో హోలీ ఆడతారని అప్పుడు తెలిసింది.

ఆ రంగు ఒకటీ రెండు రోజుల్లో పోయేది కాదు. ఉగాది పొద్దున తలకు నూనె పెట్టి, శనగపిండితో నలుగు పెట్టి, వేడి నీళ్లు పోసి రుద్దితేనే పూర్తిగా వదిలేది. అందుకే మా వీధి ఆడవాళ్లు ఉగాది తలంటును తలంటు అనేవాళ్లు కాదు. "హోలీని కడగల్ల" అనేవాళ్లు. "మీ ఇంట్లో హోలీని కడిగినారా?" అంటే ఉగాది స్నానాలయ్యాయా అని అర్థం. పిల్లలు ఆ పక్షం రోజులూ పచ్చ ముక్కులతో, ఎర్ర మెడలతో బడికి పోతే, బయటి ఊళ్ల నుంచి వచ్చిన అయ్యవార్లు మొదట కేకలు వేసేవాళ్లు. తర్వాత వాళ్లకూ అలవాటయ్యేది.

నా మనవరాలు మా దగ్గరే పెరిగింది. మా కూతురూ అల్లుడూ ఇక్కడ మగ్గం సాగక, మరమగ్గాల పనికని బెంగళూరు పోయారు. ఒకే గదిలో మూడు సంసారాలుంటాయట, పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలి? రెండేళ్ల పిల్లను తెచ్చి మా దగ్గర వదిలారు. నేను ముద్దులు చేసే మనిషిని కాదు. అన్నం పారేస్తే ఒక దెబ్బ వేసేదాన్ని. ముద్దులన్నీ తాత దగ్గరే. పొద్దున లేస్తూనే పెరట్లోకి పరుగెత్తి, "ఈ పొద్దు నీ చెయ్యి ఏం రంగు తాతా?" అని అడిగేది. ఆయన చేతులు వెనక దాచుకుని చెప్పమనేవాడు. అది చెప్పలేక గింజుకునేది. పనికి పోయే మనిషిని అట్లా నిలబెడతావా అని నేను అరిచేదాన్ని.

ఆ ఏడు వానలు లేవు. రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత వరసగా వచ్చిన కరువు ఏళ్లలో అదొకటి. వీధి బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడే బిందెలు. పున్నమి దగ్గరపడుతుంటే నేను ముందే చెప్పేశాను.

"ఏమయ్యా, ఈ తూరి రంగునీళ్లు గింగునీళ్లు అంటే ఊరుకోను. తాగనీకే నీళ్లు లేవు. బిందె కోసం ఆడ జుట్లు పట్టుకుంటాండారు."

"నేను నీళ్లడిగితినా? గంగాళం అడుగున ఉండేది చాలు."

"అడుగున ఉండేది ఇంగో కట్టకు రాదా?"

"నువ్వు పుట్టినప్పుడు మీ నాయన పాలు గూడా కొలిచి పోసినాడేమో."

"పోసినాడు. అందుకే నీ సంసారం నిలబడింది."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే నాకు ఇంకా ఒళ్లు మండేది.

పున్నమినాడు సాయంత్రం పిల్లలు కాముని మంటకు కట్టెలు ఎత్తుకుపోవడానికి వచ్చారు. ఆ రోజు ఎవరింటి ముందు ఏ కట్టె ఉన్నా, ఏ పిడక ఉన్నా పిల్లలు దొంగిలించవచ్చు. కుప్పలో పడిందంటే అది కామునిది, తిరిగి అడగకూడదు. నేను మధ్యాహ్నమే పొయ్యి కట్టెలన్నీ లోపల వేసి, ఊడ్చే పొరక కూడా దాచి, గడపలో కూర్చున్నాను. నేను గడపలో కూర్చుంటే పిల్లలు రారు. ఆయన కూర్చునే పాత పీట కనిపించలేదేమిటా అని చూస్తే, నా మనవరాలు దాన్ని ఈడ్చుకుంటూ పోతోంది, వెనక నుంచి ఆయనే తోస్తున్నాడు.

"సొంత ఇంటికే కన్నం వేస్తారా ఇద్దరూ?" అని అరిచాను.

"కుప్పలో పడింది అవ్వా, ఇంగ అడగగూడదు!" అని అది అంత దూరం నుంచే కేక వేసింది. ఇంకా పడలేదు.

మర్నాడు పొద్దున ఆయన గంగాళం వంచాడు. ముందు రోజు ఎవరిదో పెళ్లి చీరకు రాణీ రంగు అద్దాడు. నీళ్లు ఇగిరిపోయి అడుగున చిక్కటి గులాబి మిగిలింది. చల్లడానికి నీళ్లు లేవు కనుక, వీధి పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికి వేలితో నుదుట ఒకటి, ముక్కు మీద ఒకటి పెట్టి పంపుతున్నాడు. నా మనవరాలు కావాలనే అందరికంటే వెనక నిలబడింది. దాని వంతు రాగానే, "నాకు పెద్దగా పెట్టు తాతా" అంది.

ఆయన కుడి చెయ్యి మొత్తం గంగాళంలో ముంచి, దాని గడ్డం కింద పట్టుకుని ముఖం పైకెత్తాడు. ఒక బుగ్గ మీద బొటనవేలు, ఇంకో బుగ్గ మీద నాలుగు వేళ్లు. అట్లా పట్టుకుని కాసేపు దాన్నే చూశాడు. వదిలేసరికి ఆయన చెయ్యి దాని ముఖం మీద ఉండిపోయింది. ఆయన ఉంగరం వేలు ఎప్పుడో ఆవిరి కాలి కొంచెం వంకరపోయింది. ఆ వంకర కూడా చెవి కిందుగా అచ్చు పడింది.

అది నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "చూడవ్వా, తాత చెయ్యి నా మొగం మీద ఉండాది!"

"ఉంటాది, ఉగాది దాకా ఉంటాది. అంగనవాడికి ఎట్ల పోతావే ఆ మొగం పెట్టుకోని?"

"పోతా. అందరికీ చూపిస్తా."

ఆయన అదే చేత్తో నా వైపూ రెండు అడుగులు వేశాడు. "దగ్గరికి రావద్దు. చీర ఉతకనీకే నీళ్లు యాడుండాయి?" అన్నాను. "నూలు చీరేలే, పోతాది" అన్నాడు. "చీర పోతాది, మొగం పోదు గదా" అన్నాను. ఆయన గంగాళం తోముకోవడానికి పోయాడు.

పండగైన రెండో పొద్దు ఆయన పొయ్యి దగ్గర కూలిపోయాడు. గుండె. నేను బియ్యం ఏరుతున్నాను. కర్రలు కిందపడ్డ చప్పుడు విని వెళితే, పక్కకు ఒరిగి ఉన్నాడు. పక్కింటి మగవాళ్లు వచ్చి ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. గంగాళంలో నీళ్లు మరుగుతున్నాయి, పట్టు కట్టలు అందులోనే ఉన్నాయి. ఇంకాసేపుంటే మాడిపోతాయి, ఎవరో పిల్ల పెళ్లి చీర అది. నేను కర్రలు తీసుకుని కట్టలు పైకి తీశాను, పిండాను, తీగ మీద ఆరేశాను. పొయ్యి ఆర్పాను. అప్పటికి ఆటో తిరిగొచ్చింది. వీధి మలుపులో దాని నిదానపు నడక చూసే నాకు తెలిసిపోయింది. "మొగుడు పోతాంటే పట్టు ఆరేసిందంట, ఏం గుండెనో అది" అని తర్వాత అనుకున్నారు. ఆ గుండెలో ఏముందో వాళ్లకు చెప్పడం నాకు చేతకాలేదు.

ఆయనకు స్నానం చేయించేటప్పుడు తమ్ముడి వరస ఒకాయన చేతులకు సబ్బు పట్టించి గట్టిగా రుద్దుతున్నాడు. రాణీ రంగు కొంచెం కూడా కదలడం లేదు.

"వదిలెయ్ అప్పా. ముప్పై ఏండ్లు నేను రుద్దితే పోలేదు, నీకు పోతాదా?" అన్నాను.

నా మనవరాలు గోడకు ఆనుకుని ఆ చేతుల్నే చూస్తోంది. ఒకసారి తన బుగ్గ తడుముకుంది. తీసుకుపోయాక నా దగ్గరికి వచ్చింది.

"తాత మళ్లా ఎప్పుడొస్తాడు?"

నాకు తిప్పి చెప్పడం రాదు. "రాడు" అన్నాను.

"చెయ్యి గూడా రాదా?"

"రాదు."

రెండు అరచేతులూ బుగ్గల దగ్గర అడ్డం పెట్టుకుంది, ఆనించకుండా. ఆనిస్తే చెరిగిపోతుందని. ఆ క్షణం నుంచి దానికి వేరే పని లేదు. నీళ్లు తాగితే గ్లాసు ఎత్తి పోసుకునేది, మూతి తడవకుండా. నిద్రలో బుగ్గ చాపకు రాసుకుంటుందని వెల్లకిలా పడుకునేది. ముఖం కడుక్కోమంటే దొడ్లోకి పారిపోయేది. మా కూతురు బెంగళూరు నుంచి వచ్చి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, అది తల్లి ఒళ్లోకి కూడా పోలేదు. ఆమె కన్నీళ్లు దాని ముఖానికి అంటుతాయని దూరంగా నిలబడింది. వచ్చినవాళ్లందరికీ అదొక వింతయిపోయింది.

"ఏందీ పిల్ల, ఒక్క చుక్క గూడా రాల్చదు? అంత సాకినాడు కదా వాడు" అంది మా ఆడబిడ్డ, ఆయన అక్క.

"అవ్వ పోలికమ్మా. అవ్వ మాత్రం ఏడ్చిందా?" అని ఇంకెవరో అన్నారు.

నిజమే. నాకూ రాలేదు. పిల్ల ఎందుకు ఏడవడం లేదో నాకూ తెలియలేదు. చిన్నది, అర్థం కాలేదేమో అనుకున్నాను.

తొమ్మిదో పొద్దు పెద్ద దినం వచ్చింది. కర్మ చేసే ఆ రోజు ఇంట్లో అందరూ తలకు పోసుకోవాలి. నా బొట్టు నేనే తుడుచుకున్నాను. అది ఇంకొకరి చేత చేయించుకోవడం ఎందుకని. అందరివీ స్నానాలయ్యాయి, పిల్లది మాత్రం కాలేదు. తలుపు మూల దూరి రానంటోంది.

"అమ్మా, నువ్వన్నా చెప్పమ్మా. నా మాట ఇనడం ల్యా" అని మా కూతురు ఏడుపు గొంతుతో అంది.

ఆడబిడ్డ చెంబు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. "రెక్క పట్టుకోని ఈడ్చుకరాండి. పిల్లముండ మొండితనానికి మైలతోనే ఉందామా ఇంటిల్లిపాదీ?"

నేను మూల దగ్గర కూర్చున్నాను. అది నన్ను చూసి ఇంకా ముడుచుకుంది. నేనయితే కొట్టి మరీ పోస్తానని దానికి తెలుసు.

"తల మీద పోస్తే మొగం మీదికి కారతాది అవ్వా. తాత చెయ్యి పోతాది" అంది చిన్నగా.

నేను చెంబు తీసుకున్నాను. దాన్ని బండ మీద నిలబెట్టి, తల వెనక్కి వంచమని, నుదురు మీద నా అరచెయ్యి అడ్డం పెట్టి, వెనక జుట్టు మీద నుంచి మాత్రం పోశాను. ముఖం మీద ఒక్క బొట్టు పడనివ్వలేదు.

"అదేం స్నానమే? మైల యాడ పోయింది?" అంది ఆడబిడ్డ.

"మైల ఉంటే నాకుంటాది వదినా. దాని మొగం జోలికి రావద్దు ఎవరూ" అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసి, చెంబు కింద పెట్టి లోపలికి పోయింది.

చుట్టాలు వెళ్లిపోయారు. మా కూతురు కూడా పోవాల్సి వచ్చింది. పోతూ గడపలో, "ఈ ఏడు మనకు ఉగాది లేదు కదమ్మా, పిల్లకు కొత్త గౌను తీయలేదు" అంది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు పండగలు చేయరు. పిల్ల ఆ మాట వింది. అమ్మ ఆటో మలుపు తిరగ్గానే నా చెంగు పట్టుకుంది.

"మనకు ఉగాది లేదా అవ్వా?"

"లేదు."

"తలకు నూనె పెట్టుకోమా?"

"పెట్టుకోము."

"నలుగు? వేడి నీళ్లు?"

"ఏదీ లేదు. పండగే లేదు మనకు."

తాత పోయినాక మొదటిసారి దాని ముఖం విప్పారింది. "అయితే మన ఇంట్లో హోలీని కడగరు! ఇది పోదు!" అని గుండ్రంగా తిరిగింది.

చర్మం తనంతట తానే పాతది విడిచి కొత్తది కట్టుకుంటుందని ఆ పిల్లకు ఎట్లా చెప్పేది? కడిగినా పోతుంది, కడక్కపోయినా పోతుంది.

రోజూ పొద్దున లేస్తూనే నా ముందు నిలబడి ముఖం ఎత్తేది. "ఉండాదా?" అనేది. "ఉండాది" అనేదాన్ని. మొదట బొటనవేలు పలచబడింది. తర్వాత చూపుడు వేలు. "ఉండాదా?" "ఉండాది." నేను అబద్ధం చెప్పలేదు, ఎంతో కొంత ఉంటూనే వచ్చింది. చివరకు చెవి కింద ఆ వంకర వేలు ఒక్కటే మిగిలింది, ఎండిన గులాబి రేకంత. నేను పని చేసుకుంటూ, అది చూడనప్పుడు, ఆ చెవి వైపే చూసేదాన్ని. ఆయన నా వైపు రెండు అడుగులు వేసిన పొద్దు గుర్తొచ్చేది.

ఉగాది పొద్దున వీధిలో ప్రతి పెరట్లోనూ పొగ లేచింది. నీళ్లు లేకపోయినా ఎట్లాగో దాచి పెట్టుకున్నారు అందరూ. పక్కింట్లో పిల్లలు మూతులకు శనగపిండితో అరుస్తున్నారు, "హోలీని కడుగుతాండారు, హోలీని కడుగుతాండారు" అని. నేను మా గడపలో ముగ్గు లేకుండా ఊరికే ఊడ్చి కూర్చున్నాను. అది లేచి వచ్చింది. ముఖం ఎత్తింది.

"ఉండాదా?"

చెవి పక్కన జుట్టు తొలగించి చూశాను. వెలుగులోకి తిప్పి చూశాను. నా చూపు మందగించిందేమోనని ఇంకోసారి చూశాను. మామూలు పిల్ల చెవి, మామూలు బుగ్గ.

"లేదు పాపా" అన్నాను.

"పండగ చెయ్యలేదు గదా మనం. కడగలేదు గదా."

"కడగలేదు."

"మళ్లీ చూడు."

చూశాను. "పోయింది" అన్నాను.

అది చేతులు కిందికి దించింది. ఇన్ని రోజులుగా బుగ్గలకు కాపలా ఉన్న చేతులు అవి. కాసేపు వీధి వైపు చూసింది. తర్వాత నన్ను, పెద్దవాళ్లను ఏదైనా తీసుకోవచ్చా అని అడిగినట్టు, అడిగింది.

"అయితే ఇంగ ఏడ్చచ్చా అవ్వా?"

తడిసిపోతుందని ఏడవకుండా ఉందని అప్పుడు తెలిసింది నాకు.

"ఏడ్చుకో" అన్నాను.

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. నాకు గుర్తున్నంతలో నా అంతట నేను ఆ పిల్లను ఒళ్లోకి తీసుకోవడం అదే మొదలు. ఎంతసేపు ఏడ్చామో తెలియదు, ఇద్దరమూ. పక్కింటామె ఉగాది పచ్చడి గిన్నెతో వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి తిరిగిపోయింది. పిల్ల నిద్రపోయాక నా చెంగు విప్పి వెలుగుకు పట్టుకుని చూశాను. దాని బుగ్గ ఆనిన చోట, కళ్లు తుడిచిన చోట, అంతా చూశాను. తడి తప్ప ఏమీ లేదు. నూలు చీర. ఎక్కడా గులాబి అంటలేదు.